మంద వెంట తిరిగేవాళ్లది ఏ ఊరు?

ఉద్యోగంలో కోపం పనికిరాదని మీకు ట్రైనింగుల్లో చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. బుద్ధిగా విన్నాను, తల కూడా ఊపాను. ఆ తర్వాత తీసుకొచ్చి మార్కాపురంలో కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా వేశారు. ఇంకేం కోపం తగ్గుతుంది? రిటైరయ్యాను, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటున్నాను, అయినా చెప్తున్నాను వినండి: కోపం రావాల్సిన చోట కూడా రాని ఉద్యోగానికి మనిషెందుకు, రబ్బరు స్టాంపు చాలు.

సచివాలయాల్లో, హాస్టళ్లలో, ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల్లారా, ఇది మీకోసమే రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. పేర్లు రాస్తే వాళ్లొక్కరిదే తప్పనుకొని మీరు హాయిగా నిద్రపోతారు.

ఆ ఏడు వానలు మొండికేశాయి. శ్రావణమాసం వచ్చినా మా పడమటి దిక్కున నేల తడవలేదు. అలాంటి ఒక పొద్దున ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొని హాస్టల్‌కు వచ్చాడు. భుజాన గొంగడి, కాళ్లకు టైరు చెప్పులు. చేతికర్రను లోపలికి తేవచ్చో లేదోనని గేటు బయటే ఆనించి వచ్చాడు. మా వంటామెకు నోరు ఊరుకోదు.

"ఏందన్నా, గొర్లను యాడ వదిలిపెట్టినావు?" అంది.

"దర్శికాడ ఉండాయక్కా, కాలవ కింద. మా తమ్ముడు చూస్తాండాడు," అన్నాడు ఆయన, నిజంగానే అడిగిందనుకొని.

వాళ్ల కథ ఆ రోజే కొంత చెప్పాడు. ఆయన తండ్రి బళ్లారి అవతలి నుంచి కరువులో మందను తోలుకొని ఇటు వచ్చాడు. ఈయనప్పుడు చంకలో బిడ్డ. గిద్దలూరు దిక్కున నల్లమల అంచు పల్లెలో మేత దొరికింది, నీళ్లు దొరికాయి, ఉండిపోయారు. రాతిగోడల ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో ఇప్పటికీ కన్నడమే మాట్లాడుకుంటారు. పిల్ల పుట్టింది ఇక్కడే, పలక పట్టింది ఇక్కడే. ఊళ్లో మాత్రం వాళ్లు ఇంకా 'కన్నడపోళ్ల' కిందే లెక్క. ఎన్నేళ్లుంటే ఆ పేరు పోతుందో ఎవరూ చెప్పరు.

ఎండలు ముదరకముందే మంద తూర్పుకు కదులుతుంది. దర్శి, కురిచేడు దిక్కు కోతలైన చేలల్లో ఒక్కో ఆసామి పొలంలో మంద కడతారు. అంటే రాత్రిళ్లు గొర్రెలను ఆ చేలోనే పడుకోబెడతారు. ఆ పెంట చేనుకు బలం. మంద ఉన్నన్నాళ్లు కాపరులకు అన్నం పెట్టేది ఆసామి ఇల్లే, గింజలిచ్చేదీ ఆయనే. వానలు పడ్డాక మళ్లీ అడవి దిక్కు వస్తారు. ఇన్నాళ్లూ ఇంటి దగ్గర ముసలామె, అంటే ఆయన తల్లి, మనవరాలికి తోడుగా ఉండి ఇంటర్ దాకా చదివించింది. ఆ ఇంటి మొత్తంలో అక్షరం ముక్క పట్టింది ఆ పిల్లే మొదలు. ఆ ఫాల్గుణంలో ముసలామె పోయింది.

"ఆడపిల్లను ఒంటిగా ఇంట్లో ఎట్ల వదిలేదమ్మా?" అన్నాడు. "ఈడ సీటొస్తే చదువుతాది. రాకుంటే మావెంబడి వస్తాది. అంతే."

ఆ 'అంతే' ఆయన చాలా మామూలుగా అన్నాడు. పక్కన పిల్ల గోడ మీద అంటించిన కాగితాలన్నీ చదువుతోంది. మెస్ టైమింగులు, నీళ్లు వృథా చేయరాదు, అన్నీ. తిరిగి నన్నడిగిన మొదటి మాట ఇది: "మేడమ్, సెలవుల్లో లైబ్రరీ పుస్తకాలు ఇంటికిస్తారా? మందకాడ చదువుకుంటా."

నా ప్రాణం ఆ పిల్ల మీదికి పోయిందంటే అబద్ధం కాదు. మా నాయన కూడా పలకల ఫ్యాక్టరీలో ఒళ్లంతా రాతిదుమ్ముతో బతికిన మనిషి. ఆయన నన్ను కాలేజీలో దింపడానికొచ్చి గేటు దగ్గరే ఆగిపోయిన రోజు నాకు బాగా గుర్తుంది. కొత్తగా చదువులోకి వచ్చిన ఇళ్ల పిల్లలను చూడగానే గుర్తుపడతాను. వాళ్లు కుర్చీ అంచున కూర్చుంటారు.

సీటిచ్చాను. ఎంక్వైరీ అయ్యేదాకా తాత్కాలికం అన్నారు, సరేనన్నాను. చదివిన బళ్లన్నీ ఇక్కడివే, మార్కులు దివ్యంగా ఉన్నాయి, ఇక ఎంక్వైరీలో ఏముంటుందిలే అనుకున్నాను.

ఎంక్వైరీకి పోయినవాడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. ఎక్కడో టౌనులో పెరిగాడు. బండి మీద ఆ పల్లెకు పోయి, ఇల్లు చూసి, ఫోన్లో ఫొటో తీసుకొని వచ్చాడు. ఆ ఫొటోలో ఏముందంటే, వాకిలికి అడ్డంగా ఇంత ఎత్తున తుమ్మకంప. దొడ్డి దారికీ కంపే. వాడు దాన్ని చూసి 'శిథిలమైన ఇల్లు, ఎవరూ నివసించుట లేదు, పొరుగు రాష్ట్రం వారు' అని పంపించాడు. మందతో ఊరు వదిలేటప్పుడు కుక్కా పందీ దూరకుండా వాకిలికి కంప కొట్టి పోవడం మా వైపు ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. తిరిగొచ్చేవాళ్లే కంప కొడతారయ్యా! ఇల్లు వద్దనుకున్నవాడు చేతులకు ముళ్లు గుచ్చుకుంటూ వాకిలెందుకు మూస్తాడు? ఎదురింటి వాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్లు. అడగలేదు. ఎండగా ఉందట.

సరే, కుర్రాడికి తెలియదు. తెలియనివాడి మీద నాకంత కోపం లేదు. తెలిసినవాడి సంగతి ఇప్పుడు చెప్తాను.

మా ఆఫీసు సూపరింటెండెంటు చాలా మర్యాదస్తుడు. లంచం ముట్టడు. ఆడవాళ్లు ఎదురుపడితే లేచి నిలబడతాడు. ఊరు దర్శి పక్కన, భార్య అక్కడే ఉండి సేద్యం చూసుకుంటుంది, ఈయన శనివారం శనివారం బస్సెక్కి పోయివస్తాడు. వచ్చేటప్పుడు ఒక్కోసారి మాకందరికీ బియ్యం తెచ్చేవాడు. "మా చేలో బియ్యం మేడమ్. యూరియా వాసన ఉండదు. ఏటా మంద కట్టిస్తాం," అని మురిసిపోతూ చెప్పేవాడు. ఆ బియ్యం బాగుండేవి కూడా.

కమిటీ కూర్చున్న రోజు ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురమే ఉన్నాం. పైనుంచి వచ్చిన అధికారి, ఫైలు చదివే సూపరింటెండెంటు, నేను. నాకు కుర్చీ ఉంది గానీ మాటకు విలువ లేదు. నా పని 'అవునండి' అనడం. సూపరింటెండెంటు ఆ ఎంక్వైరీ రిపోర్టు గొంతు తడబడకుండా చదివాడు. ఇల్లు లేదు, మనుషులు లేరు, పొరుగు రాష్ట్రం. తర్వాత తండ్రిని లోపలికి పిలిచారు. దర్శి నుంచి తొలి బస్సుకు వచ్చాడు పాపం, ఇంకా ఏమీ తినలేదు. పిల్ల బయట వరండాలో నిలబడింది.

లోపలికి వస్తూనే ఆయన సూపరింటెండెంటు వైపు చూశాడు. మొహం విప్పారింది, రెండు చేతులూ దండానికి సగం లేచాయి. సూపరింటెండెంటు ఫైల్లోకి వంగాడు. లేచిన చేతులు అట్లాగే కిందికి దిగిపోయాయి. నేను చూశాను. బెదురు కాబోలు అనుకున్నాను.

"ఏ ఊరు నీది?" అన్నాడు అధికారి.

"ఇప్పుడు దర్శికాడ ఉండాం సామీ. అమావాస్య ఎల్లినాక కురిచేడు దిక్కు పోతాం."

అధికారికి నవ్వొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషిని జీవితమంతా ఎవరు పలకరించినా అడిగేది ఒక్కటే, మంద ఎక్కడుంది, మా చేనుకు ఎప్పుడొస్తావని. ఆయన దానికే జవాబు చెప్పాడు.

"అది కాదన్నా, మీ ఇల్లు యాడుందో చెప్పు," అన్నాను.

అప్పుడు చెప్పాడు. పల్లె పేరు చెప్పాడు, ఇల్లు రామాలయం వెనక వీధిలో ఉందని చెప్పాడు. "మా అమ్మ ఆ ఇంట్లోనే పోయింది సామీ. అందుకే ఎవరూ లేరు. కంప కొట్టి వచ్చినాం."

"ఫొటో అలా చెప్పడం లేదే," అన్నాడు అధికారి.

"సార్, కంప కొట్టడమంటే తాళం వేసినట్టే," అన్నాను.

"తాళానికి తాళంచెవి ఉంటుంది మేడమ్. కంపకేముంటుంది?" అని తన మాటకు తనే ఇంకోసారి నవ్వుకొని, "రూల్ అంటూ ఒకటుంది కదా. స్థిరనివాసం లేనివాళ్లకు సీటిస్తే రేపు ఆడిట్‌లో ఎవరు సమాధానం చెప్తారు? తర్వాతి పేరు పిలవండి," అన్నాడు.

అంతే, అయిపోయింది. ఒక పిల్ల చదువు తీసెయ్యడానికి పట్టింది టీ చల్లారేంత సేపు కూడా కాదు. నేను లేచి వాళ్ల వెంట బయటికొచ్చాను. వంటామె అప్పటికే సంగతి పసిగట్టి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఆయన తాగలేదు. గ్లాసు పట్టుకొని మెల్లగా నాతో అన్నాడు:

"లోపల ఫైలు చదివినాయన మా ఆసామే అమ్మా. ఈ జేష్ఠంలో గూడ ఆయన చేలోనే మంద కట్టినాం."

"ఏందీ? మరి ఆ మాట లోపల చెప్పకుంటే ఎట్లయ్యా!"

"ఆయన చూడనట్టు ఉండాడు గదమ్మా. అంటే చెప్పొద్దనే గదా. ఆయనింటి అన్నం తిన్నాం. పదిమందిలో ఆ మనిషి తల ఎట్ల దించేది?"

వాళ్లకు అదొక కట్టుబాటు. మంద కట్టి అన్నం తిన్న ఇంటిని నలుగురిలో చిన్నబుచ్చకూడదు. దొంగసొమ్ము తిన్నవాడికి లేని సిగ్గు, కష్టం చేసి అన్నం తిన్నవాడికి! నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు, అందరి మీదా వచ్చింది. నేనే పోయి చెప్తానని కదిలాను. ఆయన దారికి అడ్డం నిలబడ్డాడు. "వద్దమ్మా, నీకు దండం పెడతా, వద్దు. చదువు లేకుంటే చచ్చిపోతామా? ఇన్నాళ్లు బతకల్యా?"

మేమిద్దరం ఇలా వాదులాడుకుంటుంటే పిల్ల మమ్మల్ని దాటి తలుపు తోసుకొని లోపలికి పోయింది. నన్నడగలేదు, తండ్రినీ అడగలేదు. నేను వెనకాలే పరుగెత్తాను. అరుస్తుందేమో, ఏడుస్తుందేమో, ఉన్న కొంచెం దారి కూడా మూసుకుపోతుందేమోనని భయం.

పిల్ల అరవలేదు. నేరుగా సూపరింటెండెంటు బల్ల ముందుకు పోయి నిలబడింది.

"పెద్దనాయనా," అంది. "పెద్దమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? మంద కట్టినప్పుడు నేను సొంఠి పట్టేసినా గదా. వాపు తగ్గకపోతే ఒంగోలు పోయి చూపించుకోమని చెప్పినా. పోయిందా?"

సూపరింటెండెంటు మొహంలో నెత్తురు చుక్క లేదు. తేలు కుట్టిన దొంగ అంటారే, అదే. ఫైలు మూసి, "తగ్గిందమ్మా," అన్నాడు.

అధికారి కళ్లజోడు తీశాడు. "ఏమండీ, ఈ అమ్మాయి మీకు తెలుసా?"

"తెలుసు సార్. వీళ్లు... మా పొలంలో మంద కడతారు."

"ఎన్నాళ్ల నుంచి?"

"మా నాన్న హయాం నుంచి సార్."

"ఏ ఊరు వీళ్లది?"

చెప్పాడు. ఊరు చెప్పాడు, వీధి చెప్పాడు, ఈ పిల్ల తాత పేరు కూడా చెప్పాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆపలేకపోయాడో ఏమో, "ముసలామె పోయినప్పుడు మా ఇంటామె ఆ ఊరికి పోయి పలకరించి వచ్చింది సార్," అని కూడా అన్నాడు.

ఇక నాకు ఓపిక తెగిపోయింది. "మీ ఇంటామె ఆ వాకిట్లో కూర్చొని ఏడ్చి వచ్చింది. మీరేమో ఈ గదిలో కూర్చొని ఆ ఇల్లే లేదని చదివారు! మీకు నోరెట్లా వచ్చిందండీ?" అన్నాను. "మేడమ్, కూర్చోండి," అన్నాడు అధికారి. "కూర్చోను సార్. ఇన్నాళ్లు కూర్చునే పాడయ్యాం," అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ అచ్చులో బాగుండవు.

సీటు తిరిగిచ్చారు. ఆ రిపోర్టు పక్కన 'విశ్వసనీయ సమాచారం మేరకు' అని ఏదో రాసి సంతకం పెట్టారు.

మధ్యాహ్నం సూపరింటెండెంటు నా గదికి వచ్చాడు. లేచి నిలబడే మనిషి కదా, కూర్చోమన్నా కూర్చోలేదు. "తెలిసినవాళ్లని చెప్తే పక్షపాతం అంటారని ఊరుకున్నాను మేడమ్. డ్యూటీలో బంధుత్వాలు ఉండకూడదు కదా," అన్నాడు. చూశారా! చేనుకు పెంట కావాల్సి వచ్చినప్పుడు మనుషులను పంపించి మరీ పిలిపించుకునే బంధుత్వం, ఒక పిల్లకు మంచం వెయ్యాల్సి వచ్చేసరికి పక్షపాతం అయిపోయింది. ఆయన ఆ మాట నమ్మే చెప్పాడు, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. దుర్మార్గుడైతే తిట్టి మర్చిపోయేదాన్ని. ఇలాంటి మంచివాళ్లతో ఆఫీసులు నిండిపోయి ఉన్నాయి.

ఆయనకు ఏమైందంటారా? ఏం కాలేదు. ప్రమోషన్ మీద వెళ్లాడు. నాకు మాత్రం సమావేశ మర్యాద పాటించనందుకు మెమో వచ్చింది. జవాబు రాయమన్నారు, రాయలేదు. మరుసటి వేసవిలో మంద కోసం ఆ ఇంటి నుంచి కబురొస్తే, ఆ తండ్రి పోయి మళ్లీ వాళ్ల చేలోనే మంద కట్టాడు. ఆ సంగతి తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. అడిగితే, "పిలిచిన చేనుకు పోకుంటే ఎట్లమ్మా? చేనేం చేసింది?" అన్నాడు. మా వంటామె ఊరుకుంటుందా? "నేనైతే ఆ చేను గట్టు మీదుగా దుమ్ము లేపుకుంటా పోతాను, ఒక్క పెంటిక రాలనియ్యను," అంది. నేను వంటామె పక్షమే.

ఇదంతా తర్వాతి మాట. ఆ రోజు సాయంత్రం జరిగింది చెప్పకుండా ముగించలేను. సీటు వచ్చిందని వంటామె ఉత్సాహపడి సేమ్యా పాయసం చేసింది. పిల్లలందరూ తిన్నారు. ఈ పిల్ల మాత్రం గ్లాసు ముందు పెట్టుకొని కూర్చుంది. తండ్రి అప్పటికే బస్సెక్కి మంద దగ్గరికి వెళ్లిపోయాడు. నేను పోయి పక్కన కూర్చొని వీపు తట్టాను.

"ఏందమ్మా అట్లున్నావు? గెలిచినావు గదా."

నా వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు లేవు, నిప్పులున్నాయి.

"నేనేం గెలిచినా మేడమ్? ఊరు ఇదీ, ఇల్లు ఇదీ అని మా నాయన చెప్పినాడు. మా అవ్వ ఆడనే చచ్చిపోయిందని గూడ చెప్పినాడు. ఒక్కరన్నా రాసుకున్నారా? అదే మాట ఆయన చెప్తే రాసుకున్నారు. వేరే మాట గాదు మేడమ్, అదే మాట." మళ్లీ తనే అడిగింది: "నేను ఎంత చదివితే మా నాయన మాట రాసుకుంటారు?"

పాయసం చల్లారిపోయింది, వంటామె వచ్చి తీసుకుపోయింది.

ఆ పిల్ల డిగ్రీ చదివింది. పైచదువు కూడా చదువుతోంది. అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే దానికి జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల కాదు, నేనూ కాదు. నేను ఆ గదిలోంచి వచ్చేశాను. ఇప్పుడు అక్కడ మీరున్నారు. రేపో మాపో మీ బల్ల ముందు ఒక మనిషి గొంగడి వేసుకొని నిలబడి, మాది ఫలానా ఊరు సామీ అంటాడు.

రాసుకోండి.